సిటీ స్కాన్ నార్మల్, చూపు 6/6, అయినా అక్షరాలు రెండుగా ఎందుకు కనబడుతున్నాయి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీ తమ్ముడికి ఇరవై ఒక్క ఏళ్ళు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఐదు వారాల కిందట కాలవగట్టు మీద బండి జారి పడ్డాడు. హెల్మెట్ లేదు, ఒకటి రెండు నిమిషాలు తెలివి తప్పింది. సిటీ స్కాన్ బాగుందన్నారు. కంటి డాక్టరు దగ్గర చార్టు చదివిస్తే రెండు కళ్ళూ 6/6 వచ్చాయి. కానీ పుస్తకం పట్టుకున్న పది నిమిషాలకే వరసలు ఒకదాంట్లో ఒకటి దూరిపోతున్నాయంటాడు. నొసలు నొప్పి. ఫోను తెర పైకి తోస్తే కడుపులో తిప్పుతుంది. అమలాపురం బస్సెక్కితే కళ్ళు మూసుకునే కూర్చుంటాడు. అన్నీ నార్మల్ అన్నాక ఇంకేమిటి, చదువు ఎగ్గొట్టడానికి వేషాలు అని నాన్నగారు అంటున్నారు. ఇది నిజంగా ఉన్న బాధేనా, పోతుందా, అద్దాలు మార్చాలా, కనుమనాడు ప్రభల తీర్థానికి (ఊళ్ళవాళ్ళు ఎత్తుగా అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే జాతరకి) తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

నిజంగా ఉన్న బాధే. చాలామందికి పోతుంది కూడా. వేషం మాత్రం కాదు. దాన్ని స్కేలు పెట్టి కొలిచి చూపించొచ్చు.

నేను ఆర్థాప్టిస్టుని. రెండు కళ్ళూ జంటగా ఎలా పనిచేస్తున్నాయో కొలవడం, ఆ జంట చెదిరితే మళ్ళీ కుదిర్చే సాధన చేయించడం నా పని. మందులు రాసే డాక్టర్ని కాను. కోనసీమ వాళ్ళ కళ్ళతోనే ఇరవై నాలుగేళ్ళు గడిచాయి నాకు. బండ్ల మీంచి పడ్డవాళ్ళు, డాబా మెట్ల మీద జారినవాళ్ళు, నెత్తిన కొబ్బరికాయ పడ్డవాళ్ళు ఎందరో ఈ బాధతోనే వచ్చారు.

ముందు ఒక జాగ్రత్త చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, పగలంతా మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు నీరసించినా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదై రెండోది చిన్నదిగా ఉన్నా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారుతున్నా ఆలోచించకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కంట్లో మెరుపులు మెరిసినా, నల్లటి చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, పక్కనుంచి తెర దించినట్టు చూపు మూసుకొచ్చినా అది కంటి వెనక పొర రెటీనా సంగతి, ఆ రోజే చూపించాలి. కనుబొమ్మ మీద దెబ్బ తగిలినవాళ్ళకి కంటినరం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. ఒక్కో కన్ను మూసి ఎర్రటి మందారం చూపించండి. ఒక కంటికి ఎర్రగా, రెండో కంటికి వెలిసిపోయినట్టు కనబడితే ఆలస్యం చేయొద్దు. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు కాబట్టి మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

సిటీ స్కాన్ ఏం చూస్తుందంటే, పుర్రె పగిలిందా, లోపల రక్తం చేరిందా అని. అవి లేవని చెప్పింది, మంచిదే. తల ఒక్కసారిగా కుదిపినట్టయినప్పుడు మెదడులోని సన్నటి తీగలు సాగుతాయి, కణాల పని కొన్నాళ్ళు అస్తవ్యస్తమవుతుంది. దాన్నే కన్‌కషన్ అంటారు. అది స్కాన్‌లో కనబడదు. అందుకే కన్‌కషన్ అయినవాళ్ళలో స్కాన్ నార్మల్ రావడమే మామూలు.

ఇక 6/6 మాట. ఆ చార్టు ముందు మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఒక కన్ను మూసి, ఆరు మీటర్ల దూరంలో కదలకుండా ఉన్న ఒక్కో అక్షరాన్ని చదివించారు. అక్కడ రెండు కళ్ళూ కలిసి పని చెయ్యక్కర్లేదు, దగ్గరికి చూడక్కర్లేదు, వరస వెంట పరుగెత్తక్కర్లేదు. పుస్తకం చదవడంలో ఉన్నవన్నీ ఆ మూడే. రెండెడ్లనీ విడివిడిగా కొట్టంలో చూసి రెండూ బలంగా ఉన్నాయని చెప్పినట్టుంటుంది అది. కాడి కట్టి మడిలోకి దింపితేనే కదా ఏది ఎటు లాగుతోందో తెలిసేది.

చదివేటప్పుడు రెండు కళ్ళూ ముక్కు వైపుకి ఒకే కొలతలో తిరగాలి. కంట్లో కటకం దగ్గరి దూరానికి సర్దుకోవాలి. చూపు ఒక మాట మీంచి ఇంకో మాట మీదకి గెంతాలి, వరస చివరికి వెళ్ళాక తర్వాతి వరస మొదటికి గురి తప్పకుండా రావాలి. తల కదిలినప్పుడు లోపలి చెవి ఆ కబురు అందిస్తే కళ్ళు అంతే కొలతలో ఎదురు తిరగాలి. మనం గట్టు మీద నడుస్తూనే ఎదురుగా ఉన్న బోర్డు చదవగలుగుతున్నది ఆ ఏర్పాటు వల్లే. కంటికి ఆరు కండరాలు, వాటికి మూడు జతల నరాలు (మెదడు నుంచి వచ్చేవాటిలో మూడో, నాలుగో, ఆరో జతలు), వీటన్నిటినీ నడిపించే తీగలు మెదడు కాండంలోనూ చిన్నమెదడులోనూ పెద్దమెదడులోనూ పరుచుకుని ఉంటాయి. అందుకే తల ఎటు కుదిపినా వీటిలో ఏదో ఒకటి తడబడే అవకాశం ఉంది.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే కళ్ళు దగ్గరికి తిరగడం, కటకం సర్దుకోవడం, ఈ రెండింటి మీద నాకు అనుమానం. ఇంట్లో ఇలా చూడొచ్చు. మీ తమ్ముణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి, అద్దాలుంటే పెట్టుకోమని, బాల్‌పెన్ను మొనని చేయి చాపినంత దూరం నుంచి మెల్లగా ముక్కు మీదికి తీసుకురండి. మొన రెండుగా అయిన చోట ఆగమని చెప్పమనండి. ముక్కుకి 5, 6 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేదాకా ఒక్కటిగా ఉంటే పరవాలేదు. 15 దగ్గరే రెండైపోతే కళ్ళు దగ్గరికి తిరగలేకపోతున్నాయని అర్థం. ఒక్కసారితో సరిపెట్టొద్దు, మూడుసార్లు చేయండి. దెబ్బ తగిలినవాళ్ళలో మొదటిసారి 7 ఉన్నది మూడోసారికి 14 అవడం నేను తరచూ చూస్తుంటాను. అలసట తెలిసేది అక్కడే. మీ తమ్ముడు పది నిమిషాల దాకా బాగానే చదివి తర్వాత తడబడడమూ ఇలాంటిదే. 2014 నుంచి కన్‌కషన్ చూసే డాక్టర్లు వాడుతున్న ఒక చిన్న పరీక్షలో కూడా ఈ కొలత మూడుసార్లు తీసి సగటు కడతారు.

ఇంకోటి చూడండి. పెన్ను దగ్గరకు వస్తున్నప్పుడు అతని కళ్ళు గమనించండి. ఒక దశలో ఒక కన్ను పట్టు వదిలేసి బయటకు జారుతుంది. ఆ జారడం అంత తేలిగ్గా నటించగలిగేది కాదు. ఆ సమయానికి నాన్నగార్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాదించి ఒప్పించేకన్నా ఆయన కళ్ళతో ఆయనే చూడడం మంచిది.

కటకం సర్దుబాటు సంగతి: ఇరవై ఏళ్ళ వయసులో సన్నటి అక్షరాలు 10 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేదాకా స్పష్టంగా ఉండాలి. దెబ్బ తర్వాత కుర్రవాళ్ళకి కూడా నలభై దాటినవాళ్ళలాగా పుస్తకం దూరం జరపాల్సి వస్తుంటుంది. దూరం నుంచి దగ్గరకు, దగ్గర నుంచి దూరానికి చూపు మార్చినప్పుడు క్షణం మసకగా ఉండి తర్వాత తేరుకోవడం దీనికి గుర్తు. క్లాసులో బోర్డు చూసి నోట్సు రాసుకునేవాడికి అది నరకం.

రెండుగా కనబడడంలో తేడాలున్నాయి, అది తప్పకుండా అడగండి. పక్కపక్కన రెండా, కిందా పైనా రెండా? దగ్గరలోనా, దూరంలోనా? ఒక కన్ను మూస్తే పోతుందా? పక్కపక్కన, దగ్గర మాత్రమే, ఒక కన్ను మూస్తే పోతోందంటే నేను పైన చెప్పినదే అయ్యుండే అవకాశం ఎక్కువ. దూరంగా ఉన్న లారీ రెండై పక్కపక్కన కనబడితే కంటిని బయటికి తిప్పే ఆరో నరం చూడాలి. కిందా పైనా రెండైతే నాలుగో నరం.

ఈ నాలుగో నరం గురించి నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజోలు వైపునుంచి కొబ్బరికాయలు దింపే కార్మికుడొకడు వచ్చాడు. పక్క చెట్టు మీంచి జారిన కాయ తలకు తగిలిందట. చార్టు చదివించాను, 6/6. ఎదురుగా వేలు చూపించాను, ఒకటే అన్నాడు. కళ్ళు బాగానే ఉన్నాయి, భయపడకు బాబాయ్ అని పంపేశాను. అతను బయటి మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. తల ఎడమ భుజం మీదికి వాల్చి, గోడ పట్టుకుని, ప్రతి మెట్టునీ కాలి బొటనవేలితో తడుముకుని దిగుతున్నాడు. మెడ పట్టిందేమో అనుకున్నాను, వెనక్కి పిలవలేదు. రెండు నెలలకు మళ్ళీ వచ్చాడు. "ఎక్కేటప్పుడు బానే ఉంటందండి, దిగేటప్పుడు కిందకి చూత్తే నా కాళ్ళే నాలుగవుతున్నాయండి" అన్నాడు. ఆ రెండు నెలలూ చెట్లెక్కుతూనే ఉన్నాడు.

నాలుగో నరం మెదడు కాండం వెనక నుంచి బయలుదేరి చుట్టూ తిరిగి ముందుకు వస్తుంది. పుర్రె లోపల అంత పొడుగు దారి నడిచే కంటినరం ఇంకోటి లేదు, పైగా చాలా సన్నం. తలకు దెబ్బ తగిలితే తొందరగా నలిగేది అదే. అది నడిపే కండరానికి ఎక్కువ పని కళ్ళు కిందకు, ముక్కు వైపుకి చూసినప్పుడే. ఎదురుగా వేలు చూపిస్తే ఏం తెలుస్తుంది? అందుకే పుస్తకం, అన్నం కంచం, మెట్లు, చెట్టు దిగడం అతనికి కష్టమయ్యాయి. కుడి నరం నలిగితే మనిషి తెలియకుండానే తల ఎడమ వైపుకి వాల్చి రెండు బొమ్మల్నీ ఒక్కటి చేసుకుంటాడు. పాత పెళ్ళి ఫోటో తెప్పించి చూశాం. పుట్టుకతో ఉన్న నరం బలహీనత కూడా పెద్దయ్యాక బయటపడుతుంటుంది కాబట్టి అలా చూడడం పద్ధతి. ఫోటోలో తల నిటారుగా ఉంది. అంటే దెబ్బ వల్లే. అద్దానికి అతికించే పల్చటి పట్టకం ఇచ్చాం, చెట్టెక్కడం మాన్పించాం, ఆరో నెలకి నరం చాలావరకు తేరుకుంది. తేరుకోకపోతే అప్పుడు ఆపరేషను మాట ఆలోచిస్తారు, సాధారణంగా ఆరు నెలల కొలతలు నిలకడగా ఉన్నాక. ఆ రోజు నుంచి తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ళెవరైనా సరే, మెట్లు దిగడం చూడకుండా పంపను.

మీ తమ్ముడు తల వాలుస్తున్నాడా? పాత ఫోటోలతో పోల్చి చూడండి.

వెలుతురు బాధ, కదలిక బాధ వేరే సంగతి. మన ప్రాంతంలో వీటికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సాయంత్రం గట్టు రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే వరసగా ఉన్న కొబ్బరిచెట్ల మధ్యనుంచి ఎండ, నీడ, ఎండ, నీడ అని కళ్ళ మీద కొడుతుంది. మామూలు మనిషికే చిరాకు. కన్‌కషన్ నుంచి తేరుకుంటున్నవాడికి అది తలలో సుత్తితో కొట్టినట్టుంటుంది. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూ నీళ్ళు చిమ్మడం, దాళ్వా ఊడ్పులప్పుడు మడినిండా నీళ్ళ మీద తళతళ, ట్యూబులైటు కింద ఫ్యాను రెక్కల నీడ, ఎదురు బండి ఎల్‌ఈడీ లైటు, అన్నీ అలాంటివే. లోపలి చెవి చెప్పేదానికీ కళ్ళు చెప్పేదానికీ పొత్తు కుదరనప్పుడు మెదడు కళ్ళనే ఎక్కువగా నమ్ముకుంటుంది. చుట్టూ ఉన్నవి కదిలితే తానే కదులుతున్నాననుకుంటుంది. కడుపులో తిప్పడం అందుకే. బస్సులో ముందు సీట్లో, ఎండ పడని పక్కన కూర్చోబెట్టండి. కళ్ళు మూసుకునే కన్నా దూరంగా కదలని వస్తువు మీద చూపు నిలపమనండి. టోపీ అంచు పైనుంచి పడే వెలుగుని బాగా ఆపుతుంది.

ఎండలో నల్లద్దాలు సరే. ఇంట్లో మాత్రం వద్దు. గది చీకటి చేసి తలుపులేసుకుని ఉండమని మీ పెద్దమ్మగారు చెప్పారని రాశారు. ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ చీకటికి అలవాటుపడిన కన్ను చిన్న వెలుగుని కూడా ఇంకా ఎక్కువగా భరించలేకపోతుంది. రోజూ కిటికీ కొద్దికొద్దిగా ఎక్కువ తెరవండి.

విశ్రాంతి విషయంలో కూడా పాత మాట మారింది. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులే ఇంటిపట్టున ఉండి, పని తగ్గించుకోవాలి. ఆ రెండు రోజులూ ఫోను, టీవీ ఆపేస్తే మేలు. 2021లో అమెరికాలో 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ మీద చేసిన పరిశోధనలో, మొదటి 48 గంటలు తెరలు మానేసినవాళ్ళలో సగంమంది మూడున్నర రోజుల్లో తేరుకుంటే, చూసినవాళ్ళలో సగంమంది తేరుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ తర్వాత మాత్రం నడక మొదలుపెట్టాలి. మీ తమ్ముడు ఐదు వారాలుగా మంచం మీదే ఉంటున్నాడని రాశారు. రేపటి నుంచి పొద్దున్నే ఎండెక్కకముందు ఇరవై నిమిషాలు నడిపించండి. బాధ కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే పరవాలేదు, కొనసాగించొచ్చు. బాగా పెరిగితే మర్నాడు కొంచెం తగ్గించండి.

చదువు కూడా అంతే. పది నిమిషాలకు అక్షరాలు చెదురుతున్నాయంటే ఏడో నిమిషంలో ఆపాలి, చెదిరేదాకా లాగకూడదు. రెండు నిమిషాలు కొబ్బరాకుల చివర్లు చూడమనండి, మళ్ళీ ఏడు నిమిషాలు. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకోవచ్చు. ఫోనులో పీడీఎఫ్ చదివే బదులు జిరాక్సు సెంటర్లో పెద్ద అక్షరాల్లో కాగితం మీద తీయించండి. కింది వరసలు అట్టముక్కతో కప్పుకుంటే చూపు దారి తప్పదు. కాలేజీకి డాక్టరు ఉత్తరం తీసుకెళ్ళి కొన్నాళ్ళు ల్యాబ్ రికార్డులకు గడువు అడగండి.

కళ్ళద్దాలు ఇప్పుడే కొనేయకండి. నీలి వెలుగుని ఆపే బ్లూ కట్ అద్దాలు వేస్తే పోతుందని షాపులో చెప్పారన్నారు. తెరల ముందు కంటి అలసటకి అవి మామూలు అద్దాలకన్నా మేలు చేస్తున్న ఆధారం లేదని, వైద్య పరిశోధనల్ని కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. మీ తమ్ముడికి పనికొచ్చేది ఉంటే, అది చదువుకి మాత్రం కొన్నాళ్ళు వాడే చిన్న ప్లస్ పవరో, కొంచెం పట్టకమో. రెండూ కొలిచాకే. కంట్లో పసర్లు, తల్లిపాలు పోయడం ఎవరు చెప్పినా వద్దు. అవి కంటి ముందు పొర కార్నియాకి పుండు తెచ్చిపెట్టొచ్చు. నొప్పి మాత్రలు కూడా నెలలో పదిహేను రోజులు, అంతకన్నా ఎక్కువ వేస్తే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మంచం మీద పక్కకి దొర్లినప్పుడు మాత్రమే గది గిర్రున కొన్ని క్షణాలు తిరిగి ఆగిపోతుంటే అది కంటిది కాదు, చెవిలో కణికలు జారినది. ఈఎన్‌టీ డాక్టరు తల అటూ ఇటూ తిప్పి సరిచేస్తారు, ఒక్కోసారి ఒక్క పూటలో పోతుంది.

సాధన సంగతి. పెన్ను దగ్గరకు తెచ్చి చూడడమే వ్యాయామంగా యూట్యూబులో చూసి మొదలుపెడదామన్నారు. కొలిపించకుండా వద్దు. నాలుగో నరం తేడా ఉంటే దానివల్ల లాభం లేదు, తలనొప్పి మిగులుతుంది. పైగా ఒక్క పెన్ను సరిపోదు. కళ్ళు దగ్గరకు తిరగలేని 221 మంది పిల్లల మీద చేసి 2008లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, వారానికోసారి ఆసుపత్రిలో చేయిస్తూ ఇంట్లోనూ సాధన చేసినవాళ్ళలో 12 వారాలకు 73 శాతం మందికి పూర్తిగానో, కొంతవరకో నయమైంది. ఇంట్లో పెన్సిలు వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలో 43 శాతం. వాళ్ళు దెబ్బ తగిలినవాళ్ళు కారు, కానీ మేము ఇప్పుడు చేయించేది ఆ పద్ధతే, ఇంకా నిదానంగా.

నేను ఎక్కువగా వాడేది ఒక తెల్లదారం, మూడు రంగుల పూసలు. పూసలు గాజుల కొట్లో కొన్నవే. దారం ఒక చివర కిటికీ ఊచకి కట్టి రెండో చివర ముక్కుకి ఆనించి పట్టుకోవాలి. మధ్య పూస మీద చూపు నిలిపితే, ఉన్న దారం ఒక్కటే అయినా రెండు దారాలై ఆ పూస దగ్గర అడ్డంగా దాటినట్టు కనబడాలి. మిగతా రెండు పూసలూ జంటలవుతాయి. అలా కనబడితేనే రెండు కళ్ళూ ఆ పూస మీదే ఉన్నట్టు. దారాలు పూసకి అవతల దాటితే చూపు దూరం పోతోందని, ఒక్క దారమే కనబడితే మెదడు ఒక కంటిని మూసేస్తోందని అర్థం. మొదటి వారం మూడేసి నిమిషాలే, రోజుకు రెండు పూటలు. పట్టుదలగల కుర్రాళ్ళు అరగంట చేసి వాంతి చేసుకుని వస్తారు, మీ తమ్ముణ్ణి అలా చేయనివ్వకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు మీ కంటి డాక్టరు దగ్గరకే. "చూపు పరీక్ష అయిందండి, రెండు కళ్ళ సమన్వయం, దగ్గర చూపు కొలతలు తీయించండి, కింద చూపులో కూడా చూడండి" అని అడగండి. అక్కడ ఆర్థాప్టిస్టు లేకపోతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగం ఉంది. విశాఖలో, విజయవాడలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి.

బండి మాత్రం రెండుగా కనబడడం పూర్తిగా పోయేదాకా నడపనివ్వొద్దు. కబడ్డీ, క్రికెట్టు కూడా వద్దు, మొదటి దెబ్బ మానకముందే తలకు రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.

ప్రభల తీర్థం గురించి అడిగారు. తీర్థం జరిగే జగ్గన్నతోటకి పదకొండు ప్రభలూ చేరే వేళకి ఆ జనం, డప్పులు, ఊగుతూ వచ్చే రంగులు, దుమ్ములో ఎండ, ఇవన్నీ కలిసి ఇప్పుడు అతను తట్టుకోలేనివే. కానీ ఊరంతా వెళ్ళి అతనొక్కడూ ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవడం కూడా నాకిష్టం లేదు. మీ ఊరి ప్రభ బయలుదేరే ముందు, ఇంకా నిలబెట్టి అలంకరిస్తున్నప్పుడు తీసుకెళ్ళండి. టోపీ పెట్టి, చెట్టుకి వీపు ఆనించి నిలబెట్టి, ఒక్క ప్రభ కొసన చూపు నిలపమనండి. పావుగంట చాలు. నొసలు పట్టేస్తోందంటే వెంటనే ఇంటికి వచ్చేయండి.

చాలామంది కొన్ని వారాల్లోనే తేరుకుంటారు. నెల దాటినా తగ్గనివాళ్ళకే ఈ కొలతలూ సాధనా అవసరం. మీరు ఐదో వారంలో ఉన్నారు, ఆలస్యమేమీ కాలేదు. పెన్ను పరీక్షలో మూడుసార్లూ ఎన్నెన్ని సెంటీమీటర్లు వచ్చిందో, రెండుగా కనబడేది పక్కపక్కనో కిందా పైనో, మెట్లు ఎలా దిగుతున్నాడో కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి. అవే ఇక్కడా రాస్తే, వాటిని బట్టి ఏ సాధన ముందో చెబుతాను.